పదకొండు రోజులైనా దూడ లేవడం లేదంటే

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాలుగు నెలల పెయ్యదూడ, బండి గుద్దింది. ముందు కుడికాలు మోకాలి కింద ఎముక విరిగింది, చర్మం చీలలేదు. డాక్టర్ గారు గిట్టలతో సహా పైన మోచేయి దాకా ఫైబర్‌గ్లాస్ కట్టు వేసి ఆరు వారాలు ఉంచమన్నారు. ఇవాళ పదకొండో రోజు. దూడ తనంతట తాను లేవడం లేదు. ఇద్దరు కలిసి లేపితే రెండు నిమిషాలు నిలబడి కూలబడుతోంది. మేత సగానికి తగ్గింది, ఎడమ తుంటి మీద వెంట్రుకలు రాలి ఎర్రబడింది. రోజుకు ఎన్నిసార్లు లేపాలి, కాలు తీయించేయడం మేలా, అసలు దీన్ని ఇలా ఉంచడం హింస కాదా అని మీ ఆశ్రయంలో తోటివాళ్ళు అడుగుతున్నారన్నారు.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాదు. దెబ్బతిన్న ఆవులు, మేకలు, గొర్రెల దగ్గర పదహారేళ్ళుగా పడుకుని లేస్తున్నవాణ్ణి. అందుకని మందుల మోతాదులు నన్ను అడగకండి. కానీ డాక్టర్ వచ్చి వెళ్ళాక మిగిలే ఇరవై మూడు గంటల గురించి కొంత తెలుసు.

మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను. అది ఎందుకు లేవడం లేదు?

మోకాలి కింద ఎముక, చర్మం చీలకుండా, ఒక్కచోట విరిగిన దూడకు కట్టు సరిగ్గా పడితే మామూలుగా ఒకటి రెండు రోజుల్లో మూడు కాళ్ళ మీద లేచి నిలబడుతుంది. నాలుగైదు రోజులకు ఆ కట్టుకాలిని కర్రలా ముందుకు ఊపుతూ నడవడం నేర్చుకుంటుంది. నేను చూసిన వాటిలో చాలా వరకు అంతే. అలాంటిది పదకొండో రోజు కూడా లేవలేకపోతోందంటే కారణం ఆ విరిగిన ఎముక ఒక్కటే కాకపోవచ్చు. అందరి కళ్ళూ కట్టు మీదే ఉంటాయి, మిగతా ఒళ్ళు ఎవరూ చూడరు. మీరు ఇవాళ చేయాల్సిన మొదటి పని, కట్టుకాలిని కాసేపు మరిచిపోయి మిగతా మూడు కాళ్ళూ నడుమూ చూడటం.

బండి గుద్దిన పశువుకి ఒకే దెబ్బ తగిలిందని ఎప్పుడూ అనుకోకూడదు. తుంటి కీలు జారి ఉండొచ్చు, కటి ఎముక పగిలి ఉండొచ్చు, వెన్నుపూసకు దెబ్బ తగిలి ఉండొచ్చు. దూడ పడుకుని ఉండగా వెనక రెండు కాళ్ళ గిట్టల మధ్య చర్మాన్ని గట్టిగా నొక్కి చూడండి. కాలు వెనక్కి లాక్కుంటే సంతోషించి వదిలేయకండి. కాలు లాక్కోవడం వెన్నుపాములో కింది భాగం ఒక్కటే చేయగలదు, అది కబురు మెదడు దాకా పోకపోయినా జరుగుతుంది. తల తిప్పి చూసిందా, అరిచిందా, కళ్ళు పెద్దవి చేసిందా అన్నది గమనించాలి. అలా చేస్తే నొప్పి మెదడుకి అందుతున్నట్టు. తోక కదుపుతోందా, పేడ వేసేటప్పుడు తోక ఎత్తుతోందా, మూత్రం ధారగా పోస్తోందా లేక బొట్లుబొట్లుగా కారుతోందా, ఇవి కూడా రాసుకోండి. డాక్టర్ గారికి ఫోన్‌లో చెప్పేటప్పుడు "లేవడం లేదండి" అనే దానికంటే ఇవి పదింతలు పనికొస్తాయి.

ఎడమ ముందుకాలు, అంటే మంచి కాలు, చూశారా? మోచేయి కిందికి జారినట్టు వేలాడుతూ, గిట్ట ముందువైపు నేలకు రాసుకుంటూ ఉంటే జబ్బ దగ్గర నరం నలిగిందని అనుమానించాలి. ఇది గుద్దినప్పుడే జరగొచ్చు, గట్టి నేల మీద ఒకే పక్క గంటల తరబడి పడుకోవడం వల్ల తరవాత కూడా రావచ్చు. మీ దూడ ఎడమ పక్కే పడుకుంటోందని తుంటి మీది ఎర్రమచ్చ చెబుతోంది కాబట్టి రెండోది కొట్టిపారేయలేం. మంచి కాలే పని చేయకపోతే అది దేని మీద లేస్తుంది పాపం!

ఇక ఉష్ణోగ్రత. దూడకు 101.5 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. 103.5 దాటితే ఎక్కడో చీము ఉండొచ్చు, లేదా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఉండొచ్చు. కట్టు లోపల చెడుతున్నా జ్వరం రావచ్చు. మేత సగానికి తగ్గిందని రాశారు కాబట్టి థర్మామీటర్ పెట్టకుండా ఇంకో రోజు గడపకండి.

ఇవన్నీ సవ్యంగా ఉన్నాయనుకుందాం. అప్పుడు మిగిలే కారణాలు మూడు: నొప్పి, నేల, లేపే పద్ధతి. ఈ మూడూ చాలా వరకు మన చేతుల్లోనివే.

నేల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే చాలా చోట్ల తప్పు ఇక్కడే జరుగుతుంది. సిమెంటు గచ్చు మీద ఒక గోనెసంచి పరిచి "పరుపు వేశాం" అంటారు. ఆ గచ్చు మీద దూడ కాలు ఒక్కసారి జారితే మళ్ళీ లేవడానికి భయపడుతుంది, పశువుకి ఆ భయం చాలాకాలం ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇసుకను మించిన పరుపు లేదు. జానెడు మందం, వీలైతే ఇంకా ఎక్కువ, శుభ్రమైన పొడి ఇసుక పోసి, పైన ఎండుగడ్డి దట్టంగా పరవండి. ఇసుక ఒంటి వంపుల ప్రకారం సర్దుకుంటుంది, మూత్రాన్ని కిందికి దించేస్తుంది, గిట్టకు పట్టు ఇస్తుంది. తడిసిన చోట పైపొర పూటపూటకీ తీసేసి కొత్తది వేయాలి. ఉత్త గడ్డి అయితే మోకాలు లోతు ఉండాలి, అదీ రోజూ మార్చాలి. రబ్బరు చాప ఒక్కటే వేస్తే జారదు గానీ పడకపుండ్లు ఆపదు.

ఎంత మెత్తటి పరుపైనా తిప్పకుండా వదిలేస్తే లాభం లేదు. పెద్ద ఆవు గట్టి నేల మీద ఒకే పక్కన ఆరు గంటలు కదలకుండా పడుకుంటే చాలు, కింది తొడ కండ రక్తం అందక చావడం మొదలవుతుంది. పన్నెండు గంటలకు ఇక ఆ కాలు ఎప్పటికీ పని చేయని స్థితికి రావచ్చు. మొదట పడిపోయిన కారణం నయమైపోయినా, ఇలా పడుకున్నందువల్ల వచ్చిన దెబ్బతో చచ్చిపోయే పశువులు ఎన్నో. దూడ తేలిక కాబట్టి కాస్త వెసులుబాటు ఉంటుంది, కానీ సూత్రం ఒకటే. పగలు మూడు గంటలకోసారి పక్క మార్చండి. రాత్రి నాలుగు గంటలు మించనివ్వకండి. అవును, రాత్రి కూడా. ముగ్గురు మనుషులు వంతులు వేసుకుంటే కుదురుతుంది. ఒక్కరే చేయాలని చూస్తే వారానికి మీరు పడిపోతారు, అప్పుడు దూడకూ దిక్కుండదు.

కట్టు కుడికాలికి ఉంది కాబట్టి కుడివైపు పడుకోబెట్టడానికి భయపడుతున్నారని ఊహిస్తున్నాను. పడుకోబెట్టొచ్చు. కట్టుకాలిని ముందుకు చాపి, కట్టు పై అంచు చంకలో గుచ్చుకోకుండా దాని కింద మెత్తగా మడిచిన దుప్పటి పెట్టండి. మొదట గంట, తరవాత రెండు గంటలు. పడుకోబెట్టడం అంటే పక్కకు వాల్చేయడం కాదు. రొమ్ము మీద కుదురుగా, తల ఎత్తి, వెనక కాళ్ళు ఒక పక్కకు ముడిచి కూర్చోవాలి. వాలిపోతుంటే రెండు పక్కలా గడ్డిమోపులు గానీ ఇసుక నింపిన సంచులు గానీ ఆన్చండి.

ఇది నేను ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మొదటి ఏడాది నా చేతుల్లోనే ఒక దూడ పోయింది. దానిది వెనక కాలు విరిగింది. కట్టు బాగుంది, వాపు తగ్గుతోంది, తింటోంది. ఆ రాత్రి పదకొండింటికి చూసినప్పుడు పూర్తిగా పక్కకు వాలి నిద్రపోతోంది. హాయిగా పడుకుందిలే, లేపడం ఎందుకు అనుకుని వెళ్ళిపోయాను. తెల్లారి చూస్తే పొట్ట డోలులా ఉబ్బి చచ్చిపడి ఉంది. నెమరువేసే జంతువు పొట్టలో ఎప్పుడూ గాలి తయారవుతూనే ఉంటుంది, అది తేన్పుల రూపంలో బయటికి పోవాలి. పక్కకు వాలిపోతే పొట్టలోని నీరు అన్నవాహిక ద్వారాన్ని కప్పేస్తుంది, గాలికి దారి ఉండదు. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న దూడ కాసేపు వాలి పడుకున్నా తనే సర్దుకుని లేస్తుంది. కట్టు ఉన్నది లేవలేదు. కాలు చూస్తూ పొట్ట మరిచిపోయాను.

అందుకే పూటకోసారి ఎడమ డొక్క మీద చెయ్యి వేసి చూడండి. పిడికిలి ఆన్చి రెండు నిమిషాలు ఉంచితే పొట్ట రెండు మూడుసార్లు అలలా పొంగి తగ్గడం తెలుస్తుంది. అసలు కదలిక లేకపోతే, లేదా డొక్క బిగుసుకుని తడితే టకటకమంటుంటే వెంటనే డాక్టర్‌ని పిలవండి. నెమరు వేస్తోందా అన్నది నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే గుర్తు. మేత తిన్నా నెమరు ఆగిందంటే లోపల ఏదో సరిగా లేదు.

లేపడం గురించి. ఆవు జాతి లేచే తీరు ఎప్పుడైనా నిదానంగా గమనించారా? ముందు రెండు మోకాళ్ళ మీదికి వస్తుంది, తలను ముందుకు విసురుతుంది, ఆ ఊపుతో వెనక భాగం లేస్తుంది, ఆఖర్న ఒక ముందుకాలు, తరవాత రెండోది. గుర్రం దీనికి తిరగేసి, ముందుకాళ్ళతో మొదలుపెడుతుంది. మీ దూడకు కట్టు మోచేయి దాకా ఉంది, అంటే కుడి మోకాలు వంగదు. పుట్టుకతో వచ్చిన పద్ధతిలో అది లేవలేదు. కొత్త పద్ధతి నేర్పాలి.

నేను చేసేది ఇది. దూడ ముందు కనీసం దాని ఒంటి పొడవంత ఖాళీ ఉంచుతాను. తలను పొట్టి తాడుతో కట్టను, గోడకు ఎదురుగా పెట్టను, ఎందుకంటే తల విసరడానికి చోటు లేకపోతే వెనక భాగం లేవదు. కట్టుకాలిని ముందుకు, కొంచెం బయటికి చాపుతాను. ఒకరు రొమ్ము కింద చేతులు వేస్తారు, ఇంకొకరు తొడల ముందు పొత్తికడుపు కింద వెడల్పాటి దుప్పటి మడత వేసి పట్టుకుంటారు. ముందు దాన్ని ఎడమ మోకాలి మీదికి రానిచ్చి, అది తనంతట తాను ఊపు తీసుకునేదాకా ఆగి, అప్పుడు వెనక భాగాన్ని ఎత్తుతాం. దాని ప్రయత్నానికి మనం తోడు పోవాలి గానీ, మూటలా ఎత్తి నిలబెడితే దానికి ఏమీ రాదు. తోక పట్టుకుని ఎత్తకండి. తోక ఎముకలు విరుగుతాయి, నరాలు తెగుతాయి.

నిలబడ్డాక రెండు నిమిషాలకు కూలబడుతోందన్నారు కదా, ఒకటిన్నర నిమిషానికే మీరే నెమ్మదిగా కూర్చోబెట్టండి. కూలబడిన ప్రతిసారీ నొప్పి, భయం, కట్టు అంచు దెబ్బ. రోజుకి ఎన్నిసార్లు అని అడిగారు. ఐదారుసార్లు చాలు, కానీ పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం అని ఒక్కోసారి పావుగంట చొప్పున సాగదీయకండి. చిన్నచిన్న విడతలు మేలు. మేత, నీళ్ళు నిలబడ్డప్పుడే నోటి ఎత్తులో పెట్టండి. నిలబడటానికి దానికీ ఒక కారణం ఉండాలి. రోజుకి అర నిమిషం పెరిగినా బాగానే ఉన్నట్టు.

కప్పీ వేసి జోలెలో వేలాడదీద్దామా అని కొందరు అడుగుతారు. దూడకు అవసరం పడదు. వేసినా రెండు పట్టీలు ఉండాలి, ఒకటి ముందుకాళ్ళ వెనక ఛాతీ కింద, ఇంకొకటి తొడల ముందు. ఒక్క పట్టీ నడిపొట్ట కింద వేస్తే పొట్టని, ఊపిరిని నొక్కేస్తుంది. గిట్టలు నేలకు ఆనాలి, కొంత బరువు కాళ్ళ మీద పడాలి. పది పదిహేను నిమిషాలు, ఆ పైన వద్దు, మనిషి పక్కనే ఉండాలి. జోలెలో వదిలేసి భోజనానికి వెళ్ళినవాళ్ళని చూశాను.

కట్టు. ఫైబర్‌గ్లాస్ నీటికి కరగదు కాబట్టి తడిసినా ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు. పైపెంకు కరగదు నిజమే, లోపలి దూది తడిసి చర్మాన్ని నాననిస్తుంది. కిందివైపు పాదం దగ్గర పాలిథీన్ తొడగడం తడినేల మీద నడిపించేటప్పుడు మాత్రమే, పొడిచోటికి రాగానే తీసేయాలి. లేకపోతే చెమటకే తడుస్తుంది. రోజూ పొద్దున్నే అరచేత్తో కట్టు మొత్తం తడిమి చూడండి. ఒకచోట వేడిగా అనిపించడం, ఒకచోట మరక బయటికి ఊరడం, ఈగలు ఒకే చోట ముసరడం, కట్టు పైన వాపు రావడం, నిన్నటి దాకా ఆన్చిన కాలు ఇవాళ ఆన్చకపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా కట్టు విప్పి చూడాల్సిందే. అన్నిటికంటే ముందు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. నవ్వుకోకండి. ఒక మేక కట్టు దగ్గర చిన్న పాడువాసన వస్తే మూత్రం వాసనేలే అని రెండు రోజులు ఊరుకున్నాను. విప్పేసరికి గిట్టపై కీలు దగ్గర ఎముక దాకా పుండు, అందులో పురుగులు. మేక బతికింది గానీ ఆరు వారాల పని ఐదు నెలలైంది. మీ దూడ లేవకపోవడానికి లోపల ఇలాంటి పుండే కారణమైతే పదకొండు రోజులు సరిగ్గా అలాంటివి ముదిరే సమయం. డాక్టర్ గారు వచ్చినప్పుడు ఇది తప్పకుండా అడగండి.

ఇంకో సంగతి, పెరిగే దూడకు ఒకే కట్టు ఆరు వారాలు ఉంచడం నాకు నచ్చదు. దూడ పెరుగుతుంది, కట్టు పెరగదు. వాపు తగ్గాక కట్టు వదులై లోపల రాసుకుంటుంది కూడా. సాధారణంగా రెండు మూడు వారాలకు ఒకసారి విప్పి, చర్మం చూసి, వీలైతే ఎక్స్‌రే తీసి, కొత్తది వేస్తారు. ఈ వయసు దూడకు ఎముక అతుక్కోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పెద్ద పశువుకైతే ఎనిమిది నుంచి పన్నెండు. డాక్టర్ గారు మార్పు గురించి చెప్పకపోతే మీరే మర్యాదగా గుర్తు చేయండి.

నొప్పి విషయంలో పశువులు మనల్ని మోసం చేస్తాయి. వేటాడబడే జాతి కదా, నొప్పి బయటపెడితే పులికి దొరికిపోతామని వాటి రక్తంలోనే ఉంది. పళ్ళు కొరకడం, చెవులు కిందికి వాల్చడం, ఒళ్ళు నాక్కోవడం మానేయడం, కళ్ళు సగం మూసి గోడవైపు చూస్తూ ఉండటం, ఇవే గుర్తులు. కట్టు వేసిన మూడో రోజుకే నొప్పిమందు ఆపేసే అలవాటు చాలా చోట్ల ఉంది. లేవనిది బద్ధకంతో కాదు, నొప్పితో. మందు కొనసాగించాలా అని డాక్టర్‌ని సూటిగా అడగండి. మెలోక్సికామ్ అనే నొప్పిమందు ఆవుల ఒంట్లో చాలాసేపు ఉంటుంది, కాబట్టి రోజుకు రెండుపూటలా ఇవ్వకూడదు. నీళ్ళు సరిగ్గా తాగని పశువుకి ఈ రకం మందులు కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండ్లు చేస్తాయి. పేడ తారులా నల్లగా వస్తే వెంటనే ఆపి ఫోన్ చేయండి. ఇంట్లో మనుషుల కోసం ఉంచుకున్న డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు మాత్రం ముట్టుకోకండి. అది ఇచ్చిన పశువు చనిపోతే ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చస్తాయి. దక్షిణాసియాలో రాబందులు దాదాపు మాయమైపోవడానికి కారణం అదేనని 2004లో తేలింది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువైద్యంలో దాన్ని నిషేధించాయి.

మేత గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మంచి ఎండుగడ్డి, పచ్చిగడ్డి, ఇంకా పాలు తాగుతుంటే పాలు ఆపకండి. బలం రావాలని ఒక్కసారిగా దాణా పెంచితే పొట్ట పులిసి ఇంకో సమస్య. కాల్షియం సీసాలు కుమ్మరించినంత మాత్రాన ఎముక తొందరగా అతుక్కోదు. తినడం లేదని తల పైకెత్తి గొంతులో గంజి, నీళ్ళు పోయకండి. పడుకున్న దూడకు అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండు రోజుల్లో నెమ్ము పట్టుకుంటుంది. నీళ్ళ తొట్టి మోర దగ్గరికే జరపండి, పక్క మార్చినప్పుడల్లా తొట్టి కూడా మార్చండి. ఇది మరిచిపోయి దాహంతో ఉంచేసే ఇళ్ళు ఎన్ని చూశానో.

తుంటి మీది ఎర్రమచ్చ ఇంకా చర్మం చీలకపోతే అదృష్టం. మూత్రం తగిలినచోట గోరువెచ్చని నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి జింక్ ఆక్సైడ్ మలాము పల్చగా రాయండి. మోచేతులు, మోకాళ్ళు, వెనక కాళ్ళ బయటి కీళ్ళు, రొమ్ము ఎముక, ఇవన్నీ రోజూ తడిమి చూడాల్సిన చోట్లు. చర్మం తెగితే ఈగలు గుడ్లు పెట్టకుండా చూసుకోవడమే సగం వైద్యం.

దూడ ఒంటరిగా ఒక గదిలో ఉందని మీ మాటల్లో చదివాను. కొత్తగా వచ్చినదాన్ని రెండు మూడు వారాలు మందకు దూరంగా ఉంచడం సరైనదే, రోగాలు అంటుకోకుండా. కానీ దూరంగా ఉంచడం అంటే కనపడకుండా దాచడం కాదు. మూతి మూతి తగలనంత దూరంలో, నాలుగైదు గజాల అవతల, ఒక నెమ్మదైన పశువు కనిపించేలా కట్టండి. మందజాతికి ఒంటరితనమే సగం జబ్బు. మా దగ్గర రోజంతా తల వాల్చుకుని పడుకున్న ఒక పెయ్య, ఎదురుగా ముసలావును కట్టిన సాయంత్రమే లేవడానికి ప్రయత్నించింది. అది మందు పని చేసినందువల్ల కూడా కావచ్చు, నేను మాత్రం ఆ ముసలావుకే మార్కులు వేశాను.

దగ్గరికి వెళ్ళే తీరు కూడా చూసుకోండి. ఆవుకి కళ్ళు పక్కలకు ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా వెనక ఏముందో కనిపించదు. పశువుల ప్రవర్తన మీద జీవితమంతా పని చేసిన టెంపుల్ గ్రాండిన్ చెప్పేది ఇదే: ప్రతి పశువు చుట్టూ ఒక కనిపించని గిరి ఉంటుంది, దాని అంచు దగ్గర ఆగి, అది మనల్ని ఒప్పుకున్నాకే లోపలికి వెళ్ళాలి. లేపడానికే తప్ప ఇంకెప్పుడూ దాని దగ్గరికి వెళ్ళకపోతే మీరు రాగానే టెన్షన్ పడుతుంది. ఏ పనీ లేకుండా వెళ్ళి గంగడోలు గోకి వచ్చేయండి.

కాలు తీయించడం. ఇప్పుడు ఆ ఊసే వద్దు. చర్మం చీలని, మోకాలి కింది ఎముక అతుక్కునే అవకాశం బాగా ఎక్కువ ఉన్న రకం. పైగా ముందుకాళ్ళ మీదే ఒంటి బరువులో ఎక్కువ భాగం ఉంటుంది. మేక, గొర్రె లాంటి తేలిక జంతువులు మూడు కాళ్ళతో ఏళ్ళ తరబడి బాగానే తిరుగుతాయి. ఇవాళ వంద కిలోలు కూడా లేని మీ దూడ రేపు మూడు నాలుగు వందల కిలోల ఆవు అవుతుంది. అప్పుడు మిగిలిన ఆ ఒక్క ముందుకాలు ఏమవుతుందో ఆలోచించండి. వెనక కాలు తీసిన ఒక పెయ్య మా దగ్గర ఏడాదిన్నర చెంగుచెంగున తిరిగింది. ఆ తరవాత బరువు పెరిగి మంచి కాలి కీలు వంకరపోయింది. కృత్రిమ కాలు పెడతారు నిజమే, కానీ పెరిగేకొద్దీ మార్చాలి, రోజూ విప్పి మొండిభాగం మీద పుండు పడిందేమో చూడాలి. లోపల చీము పట్టి ఎముక చెడిపోతే తప్ప కాలు తీయడం మొదటి మాట కాకూడదు.

ఇక హింస అన్న ప్రశ్న. మీ తోటివాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, ఎవరో ఒకరు అది అడగాలి. 1986లో అమెరికాలో సంతలో చచ్చిన జంతువుల కుప్ప మీద పడేసిన ఒక గొర్రె ప్రాణంతో ఉందని గమనించి తీసుకెళ్తే, డాక్టర్ చూస్తుండగానే లేచి నిలబడింది. హిల్డా అని పేరు పెట్టారు, ఆ తరవాత పదేళ్ళకు పైగా బతికింది. ఫామ్ శాంక్చురీ అనే సంస్థ కథ అక్కడే మొదలైంది. ఆశ్రయాలు నడిపేవాళ్ళం అందరం ఈ కథ చెప్పుకుని ధైర్యం తెచ్చుకుంటాం. కానీ హిల్డాకు ఎండదెబ్బ, ఎముకలు బాగానే ఉన్నాయి. ప్రతి పశువూ హిల్డా కాదు. నేను ఆ కథ గుర్తు చేసుకుంటూ వెన్ను విరిగిన ఒక ఎద్దును పంతొమ్మిది రోజులు ఉంచాను. చివరి పది రోజులు దానికోసం కాదు, నాకోసం ఉంచానని తరవాత ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు నేను ముందే గడువు రాసిపెట్టుకుంటాను. గోడ మీద ఒక కాగితం. తిన్నదా, నెమరు వేసిందా, రొమ్ము మీద కుదురుగా కూర్చుందా, లేవడానికి తనంతట ప్రయత్నించిందా, పక్కవాళ్ళని పట్టించుకుందా. రోజూ ఒకే మనిషి కాకుండా ఇద్దరు వేరువేరుగా రాస్తారు. కారణం తెలిసి, నొప్పికి మందు అంది, పరుపు మార్చి, పద్ధతి మార్చాక కూడా వారం పది రోజుల్లో ఆ కాగితం మీద ఒక్క గీతా పైకి కదలకపోతే డాక్టర్‌తో కూర్చుని నొప్పి లేని ముగింపు గురించి మాట్లాడతాను. దాని విషయంలో చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అది ఆయనకు తెలుస్తుంది. వెనక కాళ్ళకు అసలు స్పర్శే లేదని తేలితే, లేదా పశువు రొమ్ము మీద కూడా కూర్చోలేక మేత పూర్తిగా మానేస్తే అంత గడువు కూడా పెట్టను. మీ దూడ మేత ఇంకా సగం తింటోంది, లేపితే నిలబడుతోంది. ఇది ఆ మాట మాట్లాడే దశ కాదు.

అన్నీ బాగుండి కట్టు విప్పే రోజు వస్తే అప్పుడొక భయం పట్టుకుంటుంది, ముందే చెప్పేస్తాను. కాలు సన్నగా, గిట్టపై కీలు వెనక్కి వాలి, పాదం చదునుగా నేలకు ఆనుతూ కనిపిస్తుంది. ఎముక మళ్ళీ విరిగిందని పరిగెత్తకండి. వారాల తరబడి పని లేక కండరాలు, వాటిని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు వదులవుతాయి. మెత్తటి ఆసరా కట్టుతో, రెండు మూడు వారాల్లో చాలా వరకు బిగుస్తుంది. చిన్న దొడ్డిలో, గట్టిగా ఉండి జారని మట్టినేల మీద, మొదట ఐదు నిమిషాలు నడక. మందలో వదలడం నెల తరవాతి మాట, అదీ ముందు ఒక్క నెమ్మదైన తోడుతో. ఆ మధ్యలో ఎడమకాలు వంకర పోతోందా అని వారానికోసారి ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీయండి. భారమంతా ఇన్నాళ్ళూ మోసింది అదే.

ఇవాళ సాయంత్రానికి నాకు నాలుగు సంగతులు రాయండి: ఉష్ణోగ్రత ఎంత, వెనక గిట్టల మధ్య నొక్కితే తల తిప్పిందా, కట్టు వాసన ఎలా ఉంది, చివరి నొప్పిమందు ఏ రోజు ఇచ్చారు. అవే డాక్టర్ గారికీ చెప్పి, రేపే ఒకసారి రమ్మనండి. ఈలోపు ఇసుక తెప్పించండి.